గడప దాటిన తర్వాత

తెలుగు కథలో భార్య ఇల్లు విడిచిపోయే దృశ్యం మనకు కొత్తది కాదు. చంకన బిడ్డ, చేతిలో గుడ్డల సంచీ, వెనుక మూసుకున్న తలుపు, ముందు వెలుతురో చీకటో తెలియని వీధి. చివరి వాక్యంలో ఆమె గడప దాటుతుంది. కథ అక్కడ ఆగుతుంది. పాఠకుడు ఒక నిట్టూర్పు విడిచి పేజీ తిప్పుతాడు. విమర్శకుడు ఆ ముగింపును "తిరుగుబాటు" అని మెచ్చుకుంటాడు. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుందని మాత్రం రచయిత అడగడు, పాఠకుడు అడగడు, విమర్శకుడు అసలే అడగడు.

ఈ ప్రశ్న సాహిత్యానికి సంబంధించింది కాదని ఈ మధ్య ఒక గోష్ఠిలో ఒక మిత్రుడు గట్టిగా వాదించాడు. అర్జీ, పోలీసు స్టేషను, కోర్టు, భరణం ఇవన్నీ కరపత్రానికి పనికొచ్చే వస్తువులేగాని కథకు పనికిరావనీ, కథ పని చైతన్యాన్ని చూపటంతో అయిపోతుందనీ అతని వాదన. సమావేశంలో చాలామంది తలలు వూపారు. నేనప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ సమాధానమే అనుకోండి.

మాది తోటపల్లి గూడూరు ప్రాంతం. నెల్లూరుకు తూర్పున సముద్రం దాకా పోయే నేల. వరి మడులు, వాటిని మింగుతూ వచ్చిన రొయ్యల గుంటలు, చివర కోడూరు తీరం, తీరం వెంబడి పట్టపుపాలేలు. ఈ పాలెంలో అర్ధరాత్రి దెబ్బలు తిన్న ఆడమనిషి గడప దాటితే ఎదురుగా ఏముంటుంది? పడమటికి నడిస్తే గుంటల గట్లు, కాపలా కుక్కలు. తూర్పుకు నడిస్తే సముద్రం. తెల్లారేదాకా నెల్లూరు బస్సు లేదు. తెల్లారాక మొదట కూడేది కోర్టు కాదు, పాలెం పెద్దకాపుల పంచాయతీ. పెద్దలు పెట్టిన దురాయిని మీరి పోలీసు స్టేషను మెట్లెక్కితే ఆమెతోపాటు ఆమె పుట్టింటివాళ్ళకీ వూళ్ళో మాట పడిపోతుంది. "గడప దాటింది" అనే రెండు మాటల్లో ఇదంతా ఎక్కడుంది? ఇది తెలియకుండా ఆ రెండు మాటలు రాసిన రచయిత వాస్తవికతను చిత్రించాడని మనం ఎట్లా ఒప్పుకోవాలి?

ఒకామె నాతో అన్నమాట ఇది: "యాడికి పోయేదన్నా? అమ్మగారింటికి పోతే మూడు దినాలు. నాలుగోదినం మా నాయనే టిక్కెట్టు తీసి బస్సెక్కిస్తాడు." మన కథల్లో లేనిది ఈ నాలుగో దినం.

మన సాహిత్యం మొదటినుంచీ ఇట్లాగే వుందా అంటే, లేదు. 'కన్యాశుల్కం' చూడండి. కూతురి పెళ్ళి ఖాయమైందని తెలియగానే అగ్నిహోత్రావధాన్లు భార్య వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఆమె చేతిలో వున్న ఆయుధం అదొక్కటే. ఆ ఇంట్లో ఆమె మాటకు వేరే విచారణ లేదు. నాటకం నిండా కోర్టు పక్షులే: ప్లీడర్లు, దొంగ సాక్షులు, పోలీసులు, దస్తావేజులు. అయినా ప్లీడరు సౌజన్యారావు పంతులు సహాయం అందేది ఎవరికి? హత్యానేరం మీదపడ్డ లుబ్ధావధాన్లకు. చట్టం తలుపు మగవాడికి తెరుచుకున్నంత సులభంగా ఆడదానికి తెరుచుకోదన్న సంగతి గురజాడ ఉపన్యాసం లేకుండానే చూపించాడు. అంతకన్నా ముఖ్యమైంది ముగింపు. 1909 నాటి పరిష్కృత ప్రతిలో బుచ్చమ్మను గిరీశం చేతికి అప్పగించడు, పుట్టింటికీ తోలడు. ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. 1896లో కార్వే స్థాపించిన సంస్థ అది. అంటే తెలుగు ఆధునిక సాహిత్యపు తొలి మహారచన తన స్త్రీ పాత్రకు ఒక చిరునామా ఇచ్చి మరీ ముగిసింది. ఆ చిరునామా నిజంగా వుంది, అక్కడికి పోయే రైలు వుంది. దీన్ని మనం సంస్కరణవాదపు పరిమితి అని చాలాసార్లు తీసిపారేశాం. తొందరపడ్డామేమో అని నా అనుమానం.

ఆ తరం రచయితలకు శరణాలయం అనేది కథావస్తువు కాకముందే చేతిపని. వీరేశలింగం 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. ఆ జంటలకు ఇల్లూ నీళ్ళూ దొరక్కపోతే అదీ ఆయనే చూసుకోవాల్సి వచ్చింది. 'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ 1922లో గుంటూరులో శారదానికేతనం పెట్టారు. మా పొట్లపూడి కోడలు పొణకా కనకమ్మ 1923లో నెల్లూరులో కస్తూరీదేవి విద్యాలయం స్థాపించింది. ఆమె ఆత్మకథ 'కనకపుష్యరాగం' ఆమె పోయిన ఎన్నో ఏళ్ళకు గాని అచ్చు కాలేదు. పలుకుబడి గల భూస్వామ్య కుటుంబపు కోడలు ఆమె. ఆమెకు దొరికిన వెసులుబాటు పాలెం ఆడమనిషికి దొరికేది కాదు, నిజమే. కాని రాసే చేయీ తలుపు తీసే చేయీ ఒకటే కావచ్చునని ఆ తరం ఎరుగును.

తర్వాత ఏమైంది?

రంగనాయకమ్మ 'జానకి విముక్తి' ఈ విషయంలో మనకున్న పెద్ద రచన. వారపత్రికలో ధారావాహికగా వస్తూ మధ్యలో ఆగిపోయి, తర్వాత పుస్తకంగా వచ్చింది. భార్యను మనిషిగా చూడని మొగుడి రోజువారీ హింసను, ఒక్క పెద్ద సంఘటనగా కాక చిన్నచిన్న అవమానాల మూటగా చూపటంలో ఆ నవలకు సాటి వచ్చేది తక్కువ. కాని జానకి విముక్తికి దారి అన్న సత్యం గుండా పోతుంది. చదువుకున్న, అభ్యుదయ భావాలున్న అన్న. అన్న లేని జానకి సంగతి? అన్నే నాలుగో దినం బస్సెక్కించే జానకి సంగతి? నవల ఆ ప్రశ్నను భావాల స్థాయిలో పరిష్కరిస్తుందిగాని వ్యవస్థ స్థాయిలో పట్టించుకోదు. ఓల్గా 'స్వేచ్ఛ' 1987లో వచ్చింది. అరుణకు సొంత ఆలోచన వుంది, నిలదొక్కుకునే ఆధారం వుంది. కొట్టని మొగుడి దగ్గర కూడా స్వేచ్ఛ వుండదని చెప్పడం ఆ నవల సాధించిన కొత్తదనం. అందుకే దాని దృష్టి దెబ్బల మీద లేదు. వుండాలని అడగటం అన్యాయం. పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో ఇల్లాలు తన పేరే మరిచిపోయి వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఆ పేరు ఆమెకు గుర్తు చేసేది ఒక చిన్ననాటి స్నేహితురాలు. నవ్వొస్తూనే గుండె పట్టేసే ఆ కథలో నాకు నచ్చే సంగతి అదే: పేరు ఒంటరిగా దొరకలేదు, ఇంకొక ఆడమనిషి నోట దొరికింది.

ఈ మూడింటినీ నేను తక్కువ చేయటం లేదు. ఇవి లేకపోతే తర్వాతి ప్రశ్న అడగటానికే మనకు మాటలు వుండేవి కావు. నా ఫిర్యాదు వీటి మీద కాదు, వీటి తర్వాత వచ్చిన వందలాది అనుకరణల మీద. పెద్ద రచయిత్రులు వెదికి పట్టుకున్న ముగింపును తయారుగా దొరికే అచ్చుగా మార్చుకున్నాం.

ఇక కోర్టు కథకు లొంగదన్న వాదన. రావిశాస్త్రి వుండగా ఈ మాట ఎట్లా అనగలిగాం? ఆయన విశాఖలో ప్లీడరు. 'ఆరు సారా కథలు' కోర్టు వరండాలో పుట్టిన సాహిత్యం. అందులోని 'మాయ'లో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, కొత్త ప్లీడరుకు న్యాయవ్యవస్థ లోగుట్టంతా విప్పి చెబుతుంది. చదువుకున్న ప్లీడరు శ్రోత, చదువులేని ముద్దాయి వక్త. ఆ ఒక్క తారుమారులోనే కథ బలమంతా వుంది. కోర్టు భాష, పోలీసు భాష, పేదల భాష ఒకదానితో ఒకటి రాపాడితే ఎంత నిప్పు పుడుతుందో ఆయన చూపించాడు. కాని గమనించండి: రావిశాస్త్రి కోర్టులో పేద స్త్రీ ముద్దాయి. ఆమె ఫిర్యాదిగా, తన మొగుడి మీద తానే నిలబడిన కోర్టు కథను మన భాషలో ఆ స్థాయిలో ఎవరూ రాయలేదు.

సారా మాట వచ్చింది గనుక మా జిల్లా సంగతి చెప్పక తప్పదు. 1990ల తొలి ఏళ్ళలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడుల్లో ఆడవాళ్ళు చదివిన పాఠాల్లో, ఒక వూరి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కథ వుంది. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు నిజంగానే ఆ పని చేశారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. వూరి నుంచి వూరికి పాకి, వేలం పాటలు జరగకుండా అడ్డుపడి, 1993 ఏప్రిల్‌లో జిల్లాలోనూ అదే ఏడు అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం సాధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. మనం దీన్ని ఆర్థిక పోరాటంగా, రాజ్యం మీద పోరాటంగా విశ్లేషించాం. అదంతా సరైనదే. కాని ఆ ఆడవాళ్ళను అడిగితే మొదట చెప్పింది ఎక్సైజు ఆదాయం గురించి కాదు, రాత్రిపూట తమ వీపుల గురించి. సారా కొట్టు వీధిలో వుంటుంది గనుక దాని మీదికి మూకుమ్మడిగా పోవచ్చు. పడకగది మీదికి మూకుమ్మడిగా పోలేరు. ఇంట్లో హింస గురించి బహిరంగంగా మాట్లాడటానికి వాళ్ళకు దొరికిన వీధి మాట "సారా". తాగకుండా కొట్టేవాడి మీద మాట్లాడటానికి మాట దొరకలేదు. ఆ మాట వెతికి ఇవ్వటం సాహిత్యం పని కాక మరెవరి పని?

ఒక సాదాసీదా పాఠం ఇంత కదలిక తెచ్చిందన్న సంగతి మనలో ఎంతమంది సాహిత్య చరిత్ర రాసేటప్పుడు లెక్కలోకి తీసుకున్నారు? ఆ పాఠంలో ముగింపు తలుపు దగ్గర ఆగలేదు. పదిమంది కలిసి ఏం చేశారో చెప్పింది. కరపత్రమంటే చిన్నచూపు చూసే మిత్రులు ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించాలి.

చట్టం విషయానికి వస్తే, రచయితలకు దాని గురించి తెలిసింది చాలా కొద్ది. 1983లో శిక్షాస్మృతిలో 498ఏ సెక్షను వచ్చింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా వుంది. అది మొగుణ్ణీ అత్తింటివాళ్ళనీ శిక్షించేది. 2005లో చేసి 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లోకి తెచ్చిన గృహహింస చట్టం వేరే రకం. దాని 17వ సెక్షను ప్రకారం, ఇల్లు ఎవరి పేరుమీద వున్నా, తాను కాపురమున్న ఆ ఇంట్లో వుండే హక్కు ఆమెకుంది. 19వ సెక్షను కింద, కొట్టినవాణ్ణే ఇల్లు ఖాళీ చేసి పొమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. (ఇంట్లోని ఆడవాళ్ళను మాత్రం అట్లా వెళ్ళగొట్టడానికి లేదు.) అత్తమామల పేర వున్న ఇంటికీ ఈ హక్కు వర్తించవచ్చునని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

ఈ ఒక్క సంగతి మన కథల అచ్చును తలకిందులు చేస్తుంది. గడప దాటాల్సింది ఆమె అని ఎవరు నిర్ణయించారు? చట్టసభ కూడా అనని మాటను అభ్యుదయ రచయిత ఎందుకంటున్నాడు? ఆమె వెళ్ళిపోవటమే ఆత్మగౌరవం అనే భావం ఎక్కడినుంచి వచ్చింది? ఇల్లు మగవాడిది, ఆడది అక్కడ వుండేదో పోయేదో తప్ప మూడో దారి లేదు అనే ఆస్తి భావన నుంచి వచ్చింది. తిరుగుబాటు ముగింపు అనుకుని మనం రాస్తున్నది ఆ ఆస్తి హక్కుకు ఒప్పుకోలు. సూట్‌కేసు పట్టుకుని మొగుడు మెట్లు దిగుతున్న ముగింపు తెలుగు కథలో మీకెన్ని గుర్తొస్తాయో లెక్కపెట్టండి.

అట్లాగని చట్టం కాగితం మీద వున్నంత అందంగా బయట వుందని నేననటం లేదు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, అరవై రోజుల్లో పరిష్కారం అని చట్టం ఆశిస్తుంది. కోర్టు వరండాలో కూర్చున్నవాళ్ళకు ఆ అంకెలు చెబితే నవ్వుతారు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆ సంగతి తెలియక గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టినవాళ్ళు మన వీధిలోనే వుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవాళ్ళు 14 శాతం. మిగతావాళ్ళ గురించే సాహిత్యం వుండాలి.

ఇక నేను చూసిన ఒక వింత గురించి చెబుతాను. కొంతకాలం ఆడవాళ్ళ అర్జీలు రాసిపెట్టే పనిలో నేను కూడా కూర్చున్నాను. ఒకామె రెండు గంటలు చెప్పేది. చెప్పే క్రమంలో వంటకం, వాన, పక్కింటి కోడి, చచ్చిపోయిన తొలిచూలు బిడ్డ, వల చిరిగిన రోజు, దెబ్బ, మళ్ళీ వంటకం. అది కాగితం మీదికి వచ్చేసరికి ఎనిమిది పంక్తులు: "సదరు నా భర్త అదనపు కట్నం కొరకు నన్ను శారీరకముగాను, మానసికముగాను హింసించుచున్నాడు." ఆమె కట్నం మాట ఎత్తనే లేదు. కట్నం మాట రాయకపోతే కేసు నిలవదని రాయించేవాడి భయం. నిజానికి 498ఏలో కట్నంతో సంబంధం లేని క్రూరత్వానికీ చోటుంది. అయినా అర్జీలన్నీ ఒకే అచ్చులో పోసినట్లు వుంటాయి. అన్నీ ఒకే రకంగా వున్నాయి గనుక అన్నీ అబద్ధమని తర్వాత పెద్దమనుషులు తీర్పు చెబుతారు. నిజాన్ని అబద్ధంలా కనిపించేట్టు చేసింది భాష. ఇది పూర్తిగా సాహిత్య సమస్య. శైలి గురించి ఇన్ని వ్యాసాలు రాసిన మనం తెలుగులో రోజూ రాయబడే ఈ అతి పెద్ద వచన ప్రక్రియ గురించి ఒక్క వ్యాసం రాయలేదు.

రాజీ గురించి కూడా ఒక మాట. పొదుపు సంఘాలు బలపడ్డాక మండల సమాఖ్యల కింద ఆడవాళ్ళే కమిటీలుగా కూర్చుని కుటుంబ తగాదాలు వినే ఏర్పాటు వచ్చింది. పెద్దకాపుల పంచాయతీలో నిలబడి మాట్లాడిన మనిషి ఇక్కడ చాపమీద కూర్చుని మాట్లాడుతుంది. తేడా చిన్నది కాదు. "ఏందిమ్మే, నీకేం కావాల? వాడికేం కావాల్నో మాకొద్దు" అని అడిగే పెద్దామెను నేను చూశాను. ఆ ప్రశ్న ఏ చట్టంలోనూ ఇంత బాగా రాసిలేదు. అదే గదిలో, "ఇద్దరు బిడ్డల తల్లివి, సర్దుకోవాల గదమ్మా" అనే గొంతు కూడా వుంది. కాపురం నిలబెడితే గెలిచినట్లు, నిలబడకపోతే ఓడినట్లు రిజిస్టరులో లెక్క. ఈ రెండు గొంతులూ ఒకే మనిషి నోట రావటం కూడా విన్నాను. మంచి కథకుడికి ఇంతకన్నా ఏం కావాలి? మన రచయితలు మాత్రం ఈ కమిటీలను సర్కారు పథకం అని ఒక్క మాటతో కొట్టేసి మళ్ళీ ఒంటరి నాయిక దగ్గరికే పోతున్నారు.

పత్రికలవాళ్ళం మనం. మనకు దగ్గరి ఉదాహరణ 'భూమిక'. స్త్రీవాద పత్రికగా మొదలై, కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో 2006లో ఆడవాళ్ళ కోసం ఒక హెల్ప్‌లైన్ తెరిచింది. కథలు అచ్చువేసే చోటే ఫోను మోగటం మొదలైంది. భూమికతో అన్ని విషయాల్లో ఏకీభవించనివాళ్ళు మన సంఘంలో వున్నారు. నేనూ కొన్నింటిలో ఏకీభవించను. వర్గ ప్రశ్నను పక్కన పెట్టి స్త్రీ ప్రశ్నకు పరిష్కారం లేదనే నా అభిప్రాయం. కాని ఆ ఫోను ఎత్తిన చేతికి, మా గోష్ఠిలో తలలు వూపిన మాకు మధ్య వున్న దూరం సిద్ధాంతపు దూరం కాదని ఒప్పుకోవాలి.

కొత్తగా రాసేవాళ్ళకు ఒక ప్రమాదం చెప్పాలి. చట్టాన్ని కథలోకి తెచ్చినవాళ్ళు చాలామంది చివర ఒక మంచి వకీలును దించుతారు. ఆమె నల్లకోటు వేసుకుని వచ్చి రెండు పేజీల్లో అన్నీ చక్కబెడుతుంది. పాత కథలోని అన్నే కోటు వేసుకుని మళ్ళీ వచ్చాడన్నమాట. అసలు కష్టం కాలాన్ని రాయటంలో వుంది. వాయిదా అనేది తెలుగు కథకు అలవాటు లేని కాలమానం. ఏమీ జరగదు, అయినా ఆ రోజు కూలి పోతుంది. ప్రతి వాయిదాకూ బిడ్డ ఒక అంగుళం పెరుగుతుంది, సాక్షి ఒక అడుగు వెనక్కి పోతాడు. ఏమీ జరగని పన్నెండు రోజులను పాఠకుడు పుస్తకం మూయకుండా రాయగలిగినవాడే ఈ వస్తువుకు న్యాయం చేస్తాడు. దానికి నినాదం చాలదు, సానుభూతి చాలదు, వరండాలో కూర్చోవాలి.

పైన చెప్పిన పాలెం ఆమె అర్జీకి స్త్రీధనం జాబితా జతచేయాల్సి వచ్చింది. నేను కాగితం తీసి బంగారమెంత అని అడిగాను. లేదంది. వెండి? లేదంది. సామాను? కాసేపు ఆలోచించి, చేపలమ్ముకునే గంప, తక్కెడ, మూడు రాళ్ళు, రేషను కార్డు వాడి దగ్గరే వుండిపోయాయంది. గంప నా డబ్బుతో కొన్నదేనన్నా, రాయొచ్చునా అని అడిగింది. మొదటి అంకె వేసి, గంప అని రాశాను. తక్కెడ దగ్గరికి వచ్చేసరికి ఆమె నన్ను ఆపి, దాని కాడ ఒకవైపు వంగిందని కూడా రాయమంది. వాడు దాంతోనే కొట్టాడట.